మబ్బు వెనకాల కొండ

రాత్రి ఎనిమిది గంటలయింది. కరెంటు పోయింది. ఇంట్లో కటిక చీకటి. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. అమ్మ అగ్గిపెట్టె కోసం లేచింది. గడప ఎక్కడుందో ఆమెకు తెలుసు. నీళ్ల బిందె ఎక్కడుందో తెలుసు. తలుపుకు ఎడమ పక్క గూట్లో అగ్గిపెట్టె ఉందని తెలుసు. కళ్లకు ఏమీ కనిపించడం లేదు. అయినా నాలుగు అడుగులు వేసింది. చెయ్యి చాపింది. అగ్గిపెట్టె అందుకుంది.

ఆమె కళ్లతో చూడలేదు. మరి ఎట్లా నడిచింది? ఇల్లంతా ఆమె మనసులో ఉంది. ఆ ఇంట్లో తను ఎక్కడ నిలబడి ఉందో కూడా ఆమెకు తెలుసు. ఈ రెండూ తెలిస్తే చీకట్లో కూడా నడవొచ్చు.

అయితే సాయంత్రం పిల్లవాడు పీట తెచ్చి దారిలో పడేశాడనుకోండి. కాలికి తగులుతుంది. ఆమె బోర్లా పడుతుంది. ఎందుకంటే ఆ పీట ఆమె మనసులోని ఇంట్లో లేదు.

ఈ పీట సంగతి గుర్తుంచుకోండి. చివర్లో మళ్లీ వస్తుంది.

మబ్బుల్లో విమానం నడిపేవారి సంగతి కూడా ఇట్లాంటిదే. బయట అంతా తెల్లగా ఉంటుంది. ముందు కొండ ఉందో, లోయ ఉందో కనిపించదు. అటువంటప్పుడు కొండను బొమ్మగా గీసి చూపించే కంప్యూటర్ తెర ఒకటి వచ్చింది. దానికి ఇంగ్లీషులో సింథటిక్ విజన్ అని పేరు. అంటే కల్పించిన చూపు. కొందరు ఈ బొమ్మ గీసే పనిని కంప్యూటర్ ఆటకే అప్పజెప్పారు. ఆట ఏమిటి, విమానం ఏమిటి అనిపిస్తుంది గదా! అది ఎట్లా జరిగిందో చూద్దాం.

ఒప్పులకుప్ప ఆడితే తెలుస్తుంది

చిన్నప్పుడు మీరంతా ఒప్పులకుప్ప ఆడే ఉంటారు. ఇద్దరు ఆడపిల్లలు చేతులు పట్టుకుని గిర్రున తిరుగుతారు. ఆగిన తర్వాత ఏమవుతుంది? ఇల్లూ వాకిలీ తిరుగుతున్నట్టు ఉంటుంది. మనం ఆగాం. నేల కదలలేదు. అయినా తిరుగుతున్నట్టే ఉంటుంది.

దీనికి కారణం మన చెవి. చెవి లోపల సన్నని గొట్టాలు ఉంటాయి. వాటిలో నీళ్లలాంటి ద్రవం ఉంటుంది. తల తిరిగితే ఆ ద్రవం కదులుతుంది. దాన్నిబట్టి మనం తిరుగుతున్నామని మెదడు తెలుసుకుంటుంది. కాని అదే పనిగా, ఒకే తీరుగా తిరుగుతూ ఉంటే, కాసేపటికి ద్రవం కూడా గొట్టంతో పాటు తిరుగుతుంది. అప్పుడు తిరుగుతున్న సంగతే తెలియదు. ఆగినప్పుడు ద్రవం వెంటనే ఆగదు. అందుకే ఆగినా తిరుగుతున్నట్టు ఉంటుంది.

నేల మీద అయితే ఇబ్బంది లేదు. కళ్లు తెరిచి గోడను చూస్తాం. కళ్లు నిజం చెబుతాయి. చెవి సర్దుకుంటుంది. మబ్బులో గోడ లేదు. నేల లేదు. ఆకాశం లేదు. కళ్లకు పని లేదు. అప్పుడు చెవి చెప్పిందే నిజం అనిపిస్తుంది. విమానం ఒక పక్కకు ఒరిగి, చుట్టు తిరుగుతూ కిందికి దిగుతుంటుంది. లోపల కూర్చున్న మనిషికి మాత్రం తిన్నగా పోతున్నట్టే ఉంటుంది.

1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వారు దీన్ని పరీక్షించి చూశారు. 20 మంది పైలట్లను తీసుకున్నారు. విమానం నడపడం వాళ్లకు వచ్చు. మబ్బులో నడపడం మాత్రం నేర్చుకోలేదు. బయట కనిపించకుండా చేసి నడపమన్నారు. పక్కన గురువు ఉన్నాడు కాబట్టి ప్రాణాలకు భయం లేదు. 20 మందిలో ఒక్కరు కూడా విమానాన్ని అదుపులో ఉంచలేకపోయారు. ఒకరు 20 సెకన్లకే తప్పారు. అందరికంటే ఎక్కువ నిలబడిన వారు 480 సెకన్లు నిలబడ్డారు. సగటున 178 సెకన్లు. అంటే మూడు నిమిషాలు కూడా లేదు. మూడు నిమిషాల్లో పాలు కూడా పొంగవు.

బొంగరం చేసిన సాయం

ఈ కష్టానికి మొదటి మందు బొంగరం. తిరుగుతున్న బొంగరం పడిపోదు. నిటారుగా నిలబడి ఉంటుంది. కింద పళ్లెం కొంచెం వంచినా బొంగరం తన తీరు మార్చుకోదు. ఈ గుణాన్ని వాడుకుని ఒక గడియారం లాంటి పరికరం చేశారు. అందులో ఒక గీత ఉంటుంది. అది నేలా ఆకాశమూ కలిసే చోటుకు గుర్తు. విమానం ఎటు ఒరిగినా ఆ గీత నేలకు సమంగా ఉంటుంది. దాన్ని చూస్తే విమానం ఎంత ఒరిగిందో తెలిసిపోతుంది.

1929 సెప్టెంబరు 24న అమెరికాలో జిమ్మీ డూలిటిల్ అనే సైనిక పైలట్ దీన్ని నమ్మి విమానం ఎక్కాడు. న్యూయార్క్ దగ్గర మిచెల్ ఫీల్డ్ అనే చోట ఇది జరిగింది. ఆయన కూర్చున్న చోటు మీద గుడ్డ కప్పేశారు. బయట పిసరంత కూడా కనిపించదు. పరికరాల ముళ్లు మాత్రమే చూస్తూ పైకి లేచాడు. ఒక చుట్టు తిరిగాడు. మళ్లీ అదే మైదానంలో దిగాడు. ముందు సీట్లో బెన్ కెల్సీ అనే ఇంకో పైలట్ ఉన్నాడు. ఏదైనా జరిగితే కాపాడడానికి ఉన్నాడు. కాని ఆయన కలగజేసుకోవలసిన అవసరం రాలేదు.

అప్పటి నుంచి పైలట్లకు నేర్పే మొదటి పాఠం ఇది: మబ్బులో ఒళ్లు చెప్పేది నమ్మకు, పరికరం చెప్పేది నమ్ము. చెప్పడం తేలికే. ఒళ్లంతా కుడికి ఒరుగుతున్నామని గోల పెడుతుంటే, తిన్నగానే ఉన్నామని ముల్లు చెబుతుంటే, ముల్లును నమ్మడం చాలా కష్టం. ఎంతో సాధన చేస్తేగాని రాదు.

ఒక్క అక్షరం

బొంగరం పరికరం విమానం ఒరిగిందా లేదా అని చెబుతుంది. ఎత్తు చూపే పరికరం సముద్రం కంటే ఎంత ఎత్తులో ఉన్నదీ చెబుతుంది. ముందు కొండ ఉందని ఈ రెండూ చెప్పవు. తొమ్మిది వేల అడుగుల ఎత్తులో ఉన్నామని పరికరం చెబితే మనసు కుదుటపడుతుంది. కాని ముందున్న కొండ తొమ్మిదిన్నర వేల అడుగులు అయితే?

1995 డిసెంబరు 20న ఇదే జరిగింది. దక్షిణ అమెరికాలో కొలంబియా అనే దేశం ఉంది. అక్కడ కాలి అనే పట్టణం ఒక లోయలో ఉంటుంది. రెండు పక్కలా పెద్ద కొండలు. అమెరికాలోని మయామీ నుంచి ఒక పెద్ద విమానం రాత్రి పూట అక్కడికి వస్తోంది. పండగ దగ్గర పడింది. సొంత ఊళ్లకు పోయేవాళ్లతో విమానం నిండి ఉంది.

దారిలో రోజో అనే గుర్తు చోటు ఉంది. దాని పేరు ఇంగ్లీషులో ఆర్ అనే అక్షరంతో మొదలవుతుంది. అటు పోవాలని పైలట్లు కంప్యూటర్‌లో ఆర్ అక్షరం నొక్కారు. కాని ఆ కంప్యూటర్‌లో ఆర్ అంటే వేరే చోటు. దాని పేరు రోమియో. అది వంద మైళ్లకు పైగా దూరంలో, బొగోటా నగరం పక్కన ఉంది. కంప్యూటర్‌కు చెప్పింది చెయ్యడమే తెలుసు. విమానాన్ని ఎడమకు తిప్పింది. అటు కొండలు ఉన్నాయి. తప్పు జరిగిందని పైలట్లకు కాసేపటికి తెలిసింది. కాని తాము ఎక్కడ ఉన్నారో సరిగా తెలియలేదు. నేల దగ్గర పడుతోందని అరిచే యంత్రం విమానంలో ఉంది. అది కొండకు తగలడానికి పన్నెండు సెకన్ల ముందు మాత్రమే అరిచింది. ఎందుకంటే అది కాళ్ల కిందికి చూసే యంత్రం. ముందుకు చూసేది కాదు. 163 మందిలో నలుగురు బతికారు. 159 మంది చనిపోయారు.

విమానంలో లోపం లేదు. ఇంజన్లు బాగానే ఉన్నాయి. నడిపేవాళ్లకు చాలా అనుభవం ఉంది. తాము ఎక్కడ ఉన్నదీ, తమ పక్కన ఏమి ఉన్నదీ తెలియక 159 ప్రాణాలు పోయాయి. ఇలాంటి ప్రమాదాలు అంతకు ముందూ చాలా జరిగాయి. బాగా నడుస్తున్న విమానమే పోయి కొండకు కొట్టుకుంటుంది.

ఈ ప్రమాదం తర్వాత ముందుకు చూసి హెచ్చరించే యంత్రాలు త్వరగా వ్యాపించాయి. ఇంకో ఆలోచన కూడా బలపడింది. ముళ్లూ అంకెలూ చూసి మనసులో బొమ్మ కట్టుకోవడం పైలట్‌కు కష్టం. ఆ బొమ్మ ఏదో తెర మీదే గీసి పెడితే? కిటికీలోంచి చూస్తే ఎట్లా ఉంటుందో అట్లాగే గీస్తే? అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఈ పని చేపట్టింది. 2001లో కొలరాడో రాష్ట్రంలో కొండల నడుమ ఉన్న ఈగిల్ విమానాశ్రయం దగ్గర పెద్ద విమానంతో పరీక్షలు చేసింది.

చుక్కల ముగ్గులాగా భూమి

బొమ్మ గీయాలంటే కంప్యూటర్‌కు రెండు సంగతులు తెలియాలి. చీకట్లో అమ్మకు తెలిసిన రెండే. ఇల్లు ఎట్లా ఉంది? తను ఎక్కడ ఉంది?

ఇక్కడ ఇల్లు అంటే భూమి. కొండలూ లోయలూ ఎక్కడ ఎంత ఎత్తు ఉన్నాయో కొలవాలి. మనిషి కొలతకర్ర పట్టుకుని ఇదంతా ఎప్పటికి తిరగగలడు? 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అనే అంతరిక్ష నౌక ఈ పని మీద వెళ్లింది. దానికి 60 మీటర్ల పొడవున్న స్తంభం ఒకటి బిగించారు. స్తంభం చివర ఒక రేడియో పరికరం, నౌకలో ఒక పరికరం. రెండు కళ్లతో చూస్తే వస్తువు ఎంత దూరంలో ఉందో మనకు తెలుస్తుంది. ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించి చూడండి, తేడా తెలుస్తుంది. అట్లాగే రెండు పరికరాలతో కొండల ఎత్తు లెక్కగట్టారు. పదకొండు రోజుల్లో భూమి మీది నేలలో సుమారు 80 శాతం కొలిచేశారు.

ఈ కొలతలు ఎట్లా ఉంటాయంటే, చుక్కల ముగ్గులాగా ఉంటాయి. నేల మీద వరసగా చుక్కలు పెట్టినట్టు అనుకోండి. మొదట జనానికి ఇచ్చిన కొలతల్లో ఒక చుక్కకూ ఇంకో చుక్కకూ నడుమ 90 మీటర్లు. కొన్ని చోట్ల 30 మీటర్లు. ఒక్కో చుక్క దగ్గర ఒక అంకె రాసి ఉంటుంది. అది ఆ చోటు ఎత్తు. ముగ్గులో చుక్కలు కలిపితే పువ్వు వస్తుంది. ఇక్కడ చుక్కలు కలిపితే కొండ వస్తుంది. కంప్యూటర్ చేసే పని అదే. చుక్కలు కలుపుతుంది, రంగు అద్దుతుంది. రెండు చుక్కల నడుమ ఏముందో దానికి తెలియదు. తిన్నగా గీత గీసేస్తుంది.

ఇక రెండో సంగతి. విమానం ఎక్కడ ఉంది? ఆటో నడిపే అబ్బాయి ఫోనులో దారి చూసుకోవడం మీరు చూసే ఉంటారు. ఫోనులో నీలం చుక్క కదులుతుంది. దానికి ఆధారం జి.పి.ఎస్. ఆకాశంలో భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహాలు పంపే రేడియో సంకేతాలు అవి. వాటిని అందుకునే చిన్న పరికరం తన చోటును లెక్క వేసుకుంటుంది. ఇవి అమెరికా సైన్యం పెట్టిన ఉపగ్రహాలు. మామూలు జనానికి ఇచ్చే సంకేతాల్లో మొదట కావాలని కొంత తప్పు కలిపేవారు. 2000 మే నెలలో ఆ తప్పు కలపడం మానేశారు. అదే సంవత్సరం భూమి కొలతలూ వచ్చాయి. రెండూ ఒక్క ఏడాదే కలిసి వచ్చాయి.

ఆటను తిరగేస్తే

ఇప్పుడు ఆట సంగతి. నేల మీద కూర్చుని విమానం నడిపినట్టు సాధన చేసే యంత్రాన్ని సిమ్యులేటర్ అంటారు. మొదట్లో పేరుకెక్కిన సిమ్యులేటర్ చేసింది ఎడ్విన్ లింక్ అనే అమెరికా మనిషి. వాళ్ల నాన్నది గాలితో మోగే పెద్ద వాయిద్యాలు చేసే కార్ఖానా. మన హార్మోనియంలో ఉన్నట్టే వాటిలో గాలి తిత్తులు ఉంటాయి. ఆ తిత్తులతోనే లింక్ 1929 నాటికి ఒక బుల్లి విమానం చేశాడు. అది నేల వదలదు. తిత్తుల్లో గాలి నింపితే అటూ ఇటూ ఒరుగుతుంది. జనం దాన్ని సంతలో పిల్లల బొమ్మలాగా చూశారు. 1934లో అమెరికా సైన్యం పైలట్లకు టపా మోసే పని ఇచ్చారు. మంచులో, మబ్బుల్లో నడపడం వాళ్లకు రాదు. కొన్ని వారాల్లో పది మందికి పైగా చనిపోయారు. అప్పుడు సైన్యం లింక్ బొమ్మ విమానాలు ఆరు కొన్నది.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. 1980ల నాటికి ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లు తెర మీద విమానం నడిపే ఆట ఆడసాగారు. మొదట నాలుగు గీతలు మాత్రమే ఉండేవి. ఏటేటా బొమ్మ మెరుగయింది. నిజం కొండలు, నిజం నదులు, నిజం విమానాశ్రయాలు వచ్చాయి. ఫ్లైట్‌గేర్ అనే ఆటను 1990లలో మొదలుపెట్టారు. దాన్ని చేసింది ఒక కంపెనీ కాదు. అనేక దేశాల్లో ఉన్నవాళ్లు తీరిక వేళల్లో కలిసి చేశారు. ఊళ్లో అందరూ కలిసి చెరువు పూడిక తీసినట్టు. అది ఉచితం. ఎవరైనా తీసుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు. ఎక్స్‌ప్లేన్ అనేది ఇంకో పేరున్న ఆట. దాన్ని చేసిన ఆస్టిన్ మేయర్ స్వయంగా విమానం నడుపుతాడు.

ఆటలో భూమి నిజం, విమానం కల్పితం. కంప్యూటర్ లోపల లెక్కల విమానం ఒకటి ఉంటుంది. మీట తిప్పితే ఎటు ఒరగాలో, ఎంత వేగంతో పోవాలో కంప్యూటర్ లెక్క వేస్తుంది. ఆ లెక్క ప్రకారం బొమ్మ మారుతుంది.

దాన్ని తిరగేద్దాం అని కొందరికి తోచింది. లెక్కల విమానాన్ని తీసేద్దాం. దాని చోట నిజం విమానాన్ని పెడదాం. ఫ్లైట్‌గేర్‌లో ఈ వీలు ఉంది. “నీ సొంత లెక్క ఆపు, బయటి నుంచి వచ్చే అంకెలు తీసుకో” అని దానికి చెప్పొచ్చు. జి.పి.ఎస్. పరికరం చోటు చెబుతుంది. బొంగరం పని చేసే చిన్న చిప్పు ఒకటి ఉంటుంది. గోరంత ఉంటుంది. ఫోను అడ్డం తిప్పితే బొమ్మ కూడా అడ్డం తిరుగుతుంది చూడండి, అందులోనూ అలాంటి చిప్పే ఉంటుంది. అది ఒరుగు చెబుతుంది. గాలి ఒత్తిడి కొలిచే పరికరం ఎత్తు చెబుతుంది. ఈ అంకెలన్నీ తీగ గుండా కంప్యూటర్‌కు చేరతాయి. బయట మబ్బు. తెర మీద మాత్రం తెరిపి ఇచ్చిన ఆకాశం, కింద పచ్చని లోయ, ఎదురుగా కొండ. విమానం ఒరిగితే బొమ్మ ఒరుగుతుంది. కొండ దగ్గర పడితే బొమ్మలో కొండ పెద్దదవుతుంది. ముల్లు చూసి అర్థం చేసుకోవాల్సిన పని లేదు. కొండ కొండలాగే కనిపిస్తుంది.

వినడానికి తేలికగా ఉంది. చేస్తే చిక్కులు వస్తాయి. మామూలు జి.పి.ఎస్. పరికరం సెకనుకు ఒకసారి చోటు చెబుతుంది. చిన్న విమానం గంటకు 200 కిలోమీటర్లు పోతుందనుకోండి. ఒక్క సెకనులో 55 మీటర్లు దాటిపోతుంది. అందువల్ల బొమ్మ కుదుపుతూ కదులుతుంది. ఆ నడుమ చోట్లను కంప్యూటర్ ఊహించి నింపాలి. విమానం ఒరిగిన తర్వాత బొమ్మ ఆలస్యంగా ఒరిగితే ఇంకా ప్రమాదం. పైలట్ అవసరానికి మించి తిప్పేస్తుంది. అద్దంలో బొమ్మ మన చెయ్యి కంటే కాస్త ఆలస్యంగా కదులుతుంటే జడ వేసుకోగలమా?

పైలట్‌ను “ఆమె” అంటే ఆశ్చర్యం అక్కర్లేదు. మన దేశంలో 1936లోనే సరళా థక్రాల్ అనే ఆమె చీర కట్టుకుని ఒంటరిగా విమానం నడిపింది. అప్పుడు ఆమెకు 21 ఏళ్లు.

ఆస్టిన్ మేయర్ ఈ దారిలో ఇంకో అడుగు వేశాడు. పలకంత ఉండే ఐపాడ్ కంప్యూటర్ కోసం జావియన్ అనే సాఫ్టువేర్ చేశాడు. అది నేల బొమ్మ గీయడంతో ఆగదు. ఇంజన్ ఆగిపోతే దగ్గరలో ఏ విమానాశ్రయానికి జారుతూ చేరుకోవచ్చో లెక్క వేస్తుంది. తెర మీద వరసగా చట్రాలు గీస్తుంది. పెళ్లి పందిరి దాకా వరసగా కట్టిన తోరణాల్లాగా ఉంటాయి. విమానాన్ని వాటి లోపలి నుంచి పోనిస్తే చివర రన్‌వే ఉంటుంది.

రోడ్డు లేని ఊళ్లు

ఇదంతా డబ్బున్నవాళ్ల వేడుక అనిపించవచ్చు. కొంత వరకు నిజమే. కాని అలాస్కా సంగతి వేరు. అది అమెరికాలో ఉత్తరాన, మంచు దేశంలో ఉన్న రాష్ట్రం. అక్కడ చాలా ఊళ్లకు రోడ్డు లేదు. రాష్ట్ర రాజధాని జూనోకే బయటి నుంచి రోడ్డు లేదు. పడవలో పోవాలి, లేదా విమానంలో పోవాలి. మనకు పల్లె వెలుగు బస్సు ఎట్లాగో వాళ్లకు చిన్న విమానం అట్లాగ. ఉత్తరాలు అందులోనే వస్తాయి. ఉప్పూ పప్పూ అందులోనే వస్తాయి. నొప్పులు వస్తున్న గర్భిణి ఆసుపత్రికి పోవాలన్నా అదే దారి. కొండలు, మంచు, మబ్బు, తక్కువ పగలు. ప్రమాదాలు తరచుగా జరిగేవి.

1999 నుంచి అక్కడి ప్రభుత్వ విమాన శాఖ క్యాప్‌స్టోన్ అనే పథకం పెట్టింది. మొదట బెతెల్ అనే ఊరి చుట్టుపక్కల తిరిగే చిన్న విమానాలకు జి.పి.ఎస్., నేల ఎత్తు చూపే తెరలు బిగించారు. తర్వాత 2003 నుంచి జూనో వైపు తిరిగే విమానాలకు కొండల బొమ్మ గీసే తెరలే ఇచ్చారు. ఇవి ఆట సాఫ్టువేర్ కావు. ప్రభుత్వం పరీక్షించి ఒప్పుకున్న పరికరాలు. పరికరాలు పెట్టిన విమానాల్లో ప్రమాదాలు బాగా తగ్గాయి. 2008 తర్వాత ఇలాంటి తెరలు కొత్తగా చేసే చిన్న విమానాల్లో కూడా రావడం మొదలయింది.

మరి ఒప్పుకున్న పరికరం ఉండగా ఆటతో పని ఏమిటి? ధర. ప్రభుత్వం ఒప్పుకున్న తెర చాలా ఖరీదు. అమెరికాలో విమానాన్ని ఇంట్లో సొంతంగా తయారు చేసుకునేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు చట్టం కొంత వీలు ఇస్తుంది. ఇంట్లో ఉన్న కంప్యూటర్, ఉచితంగా దొరికే ఆట, తక్కువ ధర చిప్పు పెట్టి అదే బొమ్మ తెచ్చుకుందామని వాళ్ల ప్రయత్నం. బొమ్మ అయితే వస్తుంది. ఇంకా అందంగా కూడా వస్తుంది. చిక్కంతా ఆ అందంలోనే ఉంది.

పీట తగిలే చోటు

ఆట ముందు ఆడేవాళ్లను సంతోషపెట్టాలి. బోడి నేల చూపిస్తే ఎవరికీ నచ్చదు. అందుకని ఆట తనంతట తానే చెట్లు నాటుతుంది. ఇళ్లు కడుతుంది. ఇక్కడ పొలాలు ఉన్నాయని మాత్రమే దానికి తెలుసు. అందుకని ఎక్కడిదో ఒక పొలం బొమ్మ తెచ్చి అతికిస్తుంది. ఆ గట్టు అక్కడ లేదు. ఆ చెట్టు అక్కడ లేదు. ఆటలో ఇది ముచ్చట. నిజంగా దిగాల్సి వచ్చినప్పుడు తెర మీది ఖాళీ పొలాన్ని నమ్మితే కొంప మునుగుతుంది.

లేనిది చూపడం ఒక తప్పు. ఉన్నది చూపకపోవడం అంతకంటే పెద్ద తప్పు. కిందటి నెలలో కొత్తగా సెల్ టవర్ కట్టారు. అది 2000లో కొలిచిన కొలతల్లో ఎట్లా ఉంటుంది? కొండల నడుమ లాగిన కరెంటు తీగలు ముగ్గు చుక్కల నడుమ జారిపోతాయి. అమ్మ మనసులోని ఇంట్లో పీట లేనట్టే, తెర మీది ఆకాశంలో తీగ లేదు. తీగ మాత్రం ఉన్న చోటే ఉంటుంది. ప్రభుత్వం ఒప్పుకున్న పరికరాల్లో టవర్ల జాబితా వేరుగా ఉంటుంది. దాన్ని మాటిమాటికీ కొత్తది చేస్తారు. అందులోనూ అన్నీ ఉండవు.

గాలి కూడా బొమ్మలో కనిపించదు. 2009 సెప్టెంబరు 2న అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు హెలికాప్టర్‌లో బయల్దేరారు. వాన, మబ్బు. హెలికాప్టర్ నల్లమల కొండల్లో కూలిపోయింది. అందులో ఉన్న ఐదుగురూ చనిపోయారు. పావురాలగుట్ట పేరు ఆ రోజు నుంచి అందరికీ తెలిసింది. మబ్బులో బలంగా కిందికి తోసే గాలిలో చిక్కుకుని అది అదుపు తప్పిందని విచారణ కమిటీ చెప్పింది. నేల బొమ్మ గీసే తెరకు అటువంటి గాలి తెలియదు. ఉరుము మబ్బు ఎదురుగా ఉన్నా, ఆ తెర మీద ఆకాశం నిర్మలంగా నవ్వుతూనే ఉంటుంది.

అన్నిటికంటే చెడ్డది చోటు తప్పు చెప్పడం. జి.పి.ఎస్. సంకేతం చాలా బలహీనమైనది. దాన్ని చెడగొట్టడం కష్టం కాదు. 2023 నుంచి పశ్చిమ ఆసియాలో యుద్ధాలు జరిగే చోట్ల దొంగ సంకేతాలు పంపడం ఎక్కువయింది. అటు పోయే పెద్ద విమానాల పరికరాలు కూడా ఉన్న చోటు ఒకటయితే మరో చోటు చూపించాయి. మామూలు ముల్లు చెడిపోతే ఒక్కోసారి కదలకుండా పడిపోతుంది. అప్పుడు చెడిందని తెలుస్తుంది. బొమ్మ అట్లా కాదు. అదే నీలాకాశం, అదే పచ్చ లోయ. అందంగానే ఉంటుంది. తప్పు లోయ, అంతే. ఒప్పుకున్న పరికరాలు లెక్కలు తేడా వస్తే బొమ్మ తీసేసి ఎర్ర గుర్తు వేసేలా చేస్తారు. “నాకు తెలియడం లేదు” అని అది ఒప్పుకోవాలి. ఆట సాఫ్టువేర్‌కు ఈ గుణం పుట్టుకతో రాలేదు. అంకెలు ఆగిపోతే కొన్నిసార్లు పాత బొమ్మే చూపిస్తూ కూర్చుంటుంది. ఎండలో పెట్టిన ఐపాడ్ వేడెక్కి ఆగిపోతుంది. ఇంట్లో కంప్యూటర్ బిగుసుకుపోతే ఆపి మళ్లీ వేస్తాం. మబ్బులో 178 సెకన్ల లెక్క నడుస్తుండగా అంత తీరిక ఎక్కడిది?

అందుకే ఈ ఆటబొమ్మను విమానంలో పెట్టుకున్నవాళ్లు కూడా దాన్ని పక్కనే ఉంచుకుంటారు. బొంగరం ముల్లు, ఎత్తు ముల్లు, వేగం ముల్లు ఎదురుగా ఉంటాయి. చూపు వాటి మీద తిరుగుతూనే ఉండాలి. బొమ్మ ఒక మాట, ముల్లు ఇంకో మాట చెబితే, ఎవరిది తప్పో తేల్చుకోవడానికి మూడో ముల్లును చూడాలి.

దిగేటప్పుడు మరో కట్టుబాటు ఉంది. మబ్బులోంచి కిందికి వస్తుండగా ఒక ఎత్తు దగ్గర గీత గీసి ఉంచుతారు. చాలా విమానాశ్రయాల్లో అది నేలకు సుమారు 200 అడుగులు. ఆ ఎత్తుకు వచ్చేసరికి రన్‌వే గాని, దాని దీపాలు గాని కిటికీలోంచి కంటికి కనిపించాలి. ఆట గీసిన తెర మీద రన్‌వే ఎంత స్పష్టంగా ఉన్నా లెక్కలోకి రాదు. కంటికి కనిపించకపోతే పైలట్ వేగం పెంచి, విమానం ముక్కు పైకెత్తి, మళ్లీ మబ్బులోకి వెళ్లిపోతుంది.